బొటనవేలి మొదట్లో నొప్పి: వాయిద్యకారులకు సూది మందు ఎంతవరకు?

పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే మన పావగడ తాలూకాలో సన్నాయి, డోలు వాయించేవారికి తీరిక ఉండదు. తెల్లవారుజామున ఒక ఊళ్ళో తాళి కట్టే ముహూర్తం, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఊరేగింపు, శనివారం వస్తే గుడి దగ్గర మేళం. ఆ నాలుగు నెలల్లో సంపాదించిందే ఏడాది పొడుగునా ఇంటికి ఆధారం. సరిగ్గా అప్పుడే బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? నా దగ్గరికి వచ్చే వాయిద్యకారుల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే మాట: "హకీం సాబ్, ఒక్క సూది వేయించుకుంటే ఈ సీజన్ గట్టెక్కుతానా?"

కీలులోకి సూది వేయడం హకీం పని కాదు. అది ఎముకల డాక్టరు పని. అయినా వేయించుకోవాలా వద్దా అని సలహా అడిగినప్పుడు తెలిసింది చెప్పడం మా బాధ్యత. క్లుప్తంగా జవాబు ఇది: సూది నొప్పిని కొంతకాలం తగ్గించవచ్చు, కీలు అరుగుదలను ఆపదు. ఆ కొంతకాలాన్ని వేలిని బాగుచేసుకోవడానికి వాడుకున్నవారికి లాభం. మరింత వాయించడానికి వాడుకున్నవారికి నష్టం. ఎందుకో వివరంగా చూద్దాం.

ఆ కీలు ఎలాంటిది?

బొటనవేలి ఎముక మణికట్టు ఎముకతో కలిసే చోట ఒక చిన్న కీలు ఉంది. గుర్రం మీద వేసే జీను ఆకారంలో ఉంటుంది. రెండు జీనులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు అన్నమాట. అందుకే బొటనవేలు ముందుకు, వెనక్కు, పక్కకు తిరుగుతుంది, మిగతా నాలుగు వేళ్ళకూ ఎదురు నిలబడుతుంది. మనిషి కలం పట్టినా, సూదిలో దారం ఎక్కించినా ఈ కీలు చలవే.

ఇన్ని వైపులా తిరిగే కీలుకు పట్టు తక్కువ. దాన్ని కట్టి ఉంచేవి చుట్టూ ఉన్న నరాల్లాంటి గట్టి పట్టీలు, కండరాలే. బరువు మాత్రం చాలా పడుతుంది. బొటనవేలి కొసతో, చూపుడువేలితో ఒక కిలో బలంతో ఏదైనా నొక్కి పట్టుకుంటే, వేలి మొదట్లోని ఈ కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందని 1977లో అమెరికా పరిశోధకులు కూనీ, చావో లెక్కకట్టారు. కొసన చిటికెడు బలం, మొదట్లో తట్టెడు బరువు!

వయసుతో ఆ పట్టీలు వదులవుతాయి, ఎముకల మీది మెత్తని మృదులాస్థి అరుగుతుంది. మృదులాస్థికి నొప్పి తెలిపే నరాలు లేవు. కాబట్టి నొప్పి తెలిసేసరికి అరుగుదల కొంత నడిచిపోయి ఉంటుంది. ఈ జబ్బు మగవారికంటే ఆడవారిలో, అందులోనూ ముట్లు ఆగిన తరువాత ఎక్కువ. పాత దెబ్బ తగిలినవారికి, పుట్టుకతో కీళ్ళు వదులుగా ఉన్నవారికి, ఇంట్లో పెద్దలకు ఉన్నవారికి కూడా త్వరగా వస్తుంది.

మన వాయిద్యాలు, మన బొటనవేళ్ళు

సన్నాయికి ముందువైపు వేళ్ళు ఆడించే రంధ్రాలు ఏడు. ఆ వేళ్ళు ఆడుతున్నంతసేపూ కర్ర జారకుండా వెనకనుంచి ఆనించి పట్టుకునేవి బొటనవేళ్ళు. పాశ్చాత్య వాయిద్యాల్లో క్లారినెట్, ఓబో వాయించేవారికి కూడా కుడి బొటనవేలి మీదే బరువంతా పడుతుంది. వారిలో బొటనవేలి నొప్పి చాలాకాలంగా తెలిసిన సమస్యే.

డోలు వాయించేవారు ఒక చేతి వేళ్ళకు గట్టి తొడుగులు తొడుక్కుంటారు, రెండో చేత్తో పుల్ల పట్టి కొడతారు. పుల్ల పట్టిన చేతి బొటనవేలికి ప్రతి దెబ్బా తగులుతుంది. తప్పెట కొట్టేవారిదీ ఇదే కథ. భజనలో చిడతలు వాయించేవారు గంటకు కొన్ని వేలసార్లు బొటనవేలిని తెరిచి మూస్తారు. బుర్రకథ చెప్పే కథకుడైతే కుడి బొటనవేలికే అందె తొడిగి తాళం వేస్తాడు.

తెలుగునాట ఈ కళలకు మతం గోడలు లేవు. నాదస్వరంలో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానా (1924-1999) ప్రకాశం జిల్లా కరవదివారు. బుర్రకథకు పేరు తెచ్చి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. ఇలాంటి విద్య చేతి వేళ్ళ మీద నిలబడి ఉంది. ఆ వేళ్ళను కాపాడుకోవడం కళను కాపాడుకోవడమే.

మన ప్రాంతంలో ఇంకో మాట కూడా చెప్పాలి. సన్నాయి వాయించే చాలా ఇళ్ళల్లో పగలు క్షౌరవృత్తి. పగలంతా కత్తెర, రాత్రంతా సన్నాయి. మరికొందరికి శనగ చేలు, పాడి ఆవులు. శనగకాయలు ఒలవడం, పాలు పిండడం, కత్తెర ఆడించడం, ఈ మూడూ బొటనవేలితో నొక్కే పనులే. కాబట్టి "నేను వాయించేది రోజుకు రెండు గంటలే కదా" అనుకోకండి. వేలు లెక్కపెట్టేది రోజంతా చేసిన పనిని.

ఇది ఆ నొప్పేనా?

ఈ కీలు అరిగితే నొప్పి బొటనవేలి మొదట్లో, అరచేతి దిండు కింద లోపలగా ఉంటుంది. డబ్బా మూత తిప్పేటప్పుడు, తాళం చెవి తిప్పేటప్పుడు, తడిబట్ట పిండేటప్పుడు సలుపుతుంది. కొంతకాలానికి వేలి మొదలు పక్కకు పొడుచుకొచ్చి గూడులా కనిపిస్తుంది. డాక్టరు వేలిని పట్టుకుని నొక్కి తిప్పి చూస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువ కనిపించినా కొందరికి నొప్పి తక్కువ, కొందరికి అరుగుదల తక్కువైనా నొప్పి ఎక్కువ. కాబట్టి ఎక్స్‌రే కాగితం ఒక్కటే చూసి భయపడవద్దు.

బొటనవేలి దగ్గర నొప్పి అంతా ఈ జబ్బే కాదు. వీటిని గమనించండి:

* బొటనవేలిని పిడికిట్లో పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచితే మణికట్టు పక్కన ప్రాణం పోయినంత నొప్పి వస్తే అది కీలుది కాకపోవచ్చు, వేలిని లాగే స్నాయువు వాపు కావచ్చు. డి కర్వేన్ జబ్బు అంటారు. దీనికి సూది చాలామందిలో బాగానే పనిచేస్తుంది.
* వంచిన వేలు ఇరుక్కుని, టక్కుమని తెరుచుకుంటే అది స్నాయువు తొడుగు బిగుసుకోవడం.
* రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టులో నరం నొక్కుకుంటున్నదేమో చూపించుకోవాలి.
* రెండు చేతుల్లో చాలా కీళ్ళు వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుని ఉంటే అది అరుగుదల కాదు, కీళ్ళవాతం. రక్తపరీక్ష తప్పదు. దానికి మందులు వేరు, ఆలస్యం చేస్తే కీళ్ళు వంకరపోతాయి.
* వేళ్ళతో పాటు మెడ, నడుము కూడా బిగుసుకుపోతుంటే తాగే నీళ్ళ సంగతి డాక్టరుకు చెప్పండి. మన తాలూకా బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ బెడద అందరికీ తెలిసిందే. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు సహించవచ్చు. ఫ్లోరోసిస్‌కు బొటనవేలిలో సూది వేస్తే ప్రయోజనం లేదు, నీళ్ళు మార్చాలి.
* నొప్పి లేకుండానే వాయించేటప్పుడు మాత్రమే వేళ్ళు ముడుచుకుపోతుంటే అది కీలు జబ్బు కాదు, మెదడునుంచి వేళ్ళకు అందే సంకేతాల్లో తేడా. అమెరికాకు చెందిన ప్రసిద్ధ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్‌కు 1960లలో కుడిచేతి వేళ్ళు ఇలాగే ముడుచుకుపోయాయి. ముప్ఫై ఏళ్ళ తరువాత, 1990లలో, బొటాక్స్ ఇంజెక్షన్లతో ఊరట దొరికి మళ్ళీ రెండు చేతులతో వాయించారు. అదీ ఇంజెక్షనే, కానీ మందు వేరు, వేసే చోటు వేరు.

అందుకే ముందు జబ్బు పేరు తేలాలి, తరువాతే సూది.

సూదిలో ఏముంది?

కార్టిజోన్ అనే మందును కీళ్ళవాతం రోగికి మొదట ఇచ్చింది 1948లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో. మంచం పట్టిన మనిషి లేచి నడవడం చూసి లోకం ఆశ్చర్యపోయింది. 1950లో హెంచ్, కెండల్, రైష్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. మాత్రలుగా ఎక్కువకాలం వాడితే ఒళ్ళంతా దుష్ఫలితాలు కనబడడంతో, నేరుగా కీలులోకే కొద్దిగా ఎక్కించే పద్ధతిని 1951లో హొలాండర్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చారు. ఈనాడు వాడే ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసలోన్ ఆ కుటుంబంలోవే.

బొటనవేలి కీలు చాలా చిన్నది, ఒక మిల్లీలీటరు మందు కూడా పట్టడం కష్టం. డాక్టరు చర్మాన్ని బాగా శుభ్రం చేసి, వేలిని కొద్దిగా లాగి కీలు సందు తెరుచుకునేలా చేసి, సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. స్కానింగు లేదా ఎక్స్‌రే తెరమీద చూస్తూ వేస్తే సూది సరైన చోటికి చేరుతుంది. మందుతో పాటు తిమ్మిరి మందు కలుపుతారు కనుక కొన్ని గంటలు హాయిగా ఉంటుంది. తరువాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరగవచ్చు. అసలు మందు పనిచేయడం కొద్దిరోజుల తరువాతే. కాబట్టి రేపు ముహూర్తమనగా ఇవాళ సూది వేయించుకోవడం తెలివైన పని కాదు.

ఎంతకాలం ఆగుతుంది?

కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, కొందరికి అసలు ఏమీ ఉండదు. 2004లో 40 మంది మీద చేసిన ఒక పరీక్షలో సగంమందికి ఈ మందు, సగంమందికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. 24 వారాల తరువాత రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే ఏడాది వచ్చిన మరో పరిశీలనలో, సూదితో పాటు మూడు వారాలు వేలికి స్ప్లింట్ కడితే, అరుగుదల తొలిదశలో ఉన్నవారికి ఎక్కువకాలం ఉపశమనం దొరికింది. ముదిరినవారికి అంత దొరకలేదు.

పెద్ద డాక్టర్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. 2018 నాటి యూరప్ వైద్యుల సూచనల్లో చేతి కీళ్ళ అరుగుదలకు ఈ సూది మామూలుగా వద్దన్నారు. 2019 నాటి అమెరికా వైద్యుల సూచనల్లో కొన్ని షరతులతో వేయవచ్చన్నారు. అయితే అదే 2019 సూచనల్లో బొటనవేలి మొదటి కీలుకు స్ప్లింట్ కట్టమని మాత్రం గట్టిగా చెప్పారు. జెల్ ఇంజెక్షన్ అని పిలిచే హయలురోనిక్ ఆమ్లం ఈ కీలుకు వద్దనే వైపు మొగ్గారు. ఖరీదైన సూది అంటే మంచి సూది అని కాదు.

మాటిమాటికీ వేయించుకుంటే ఏమవుతుంది? మోకాలి అరుగుదల ఉన్న 140 మందికి రెండేళ్ళపాటు ప్రతి మూడు నెలలకూ సూది వేసి చూసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఉప్పునీటి సూది వేసుకున్నవారికంటే మందు వేసుకున్నవారిలో మృదులాస్థి ఎక్కువ తరిగింది. నొప్పిలో మాత్రం తేడా లేదు. అది మోకాలి సంగతే కానీ, మోకాలికంటే ఎంతో చిన్నదైన బొటనవేలి కీలు విషయంలో మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సీజన్ ముందు సూది: అసలు ప్రమాదం ఇక్కడే

నొప్పి మన శత్రువు కాదు, చౌకీదారు. "ఇక చాలు, దించు" అని చెప్పేది అదే. సూది వేస్తే చౌకీదారు కొంతకాలం నిద్రపోతాడు. ఆ నిద్రలో నలభై పెళ్ళిళ్ళు వాయిస్తే, అతను లేచేసరికి ఇంట్లో ఏమీ మిగలదు. డబ్బు వచ్చింది కదా అనుకుంటాం. మరుసటి సంవత్సరం సన్నాయే ఎత్తలేకపోతే?

అందుకని సూది వేయించుకోవాలనుకునేవారు సీజన్‌కు కనీసం ఐదారు వారాల ముందే డాక్టరును కలవండి. సూది తరువాత రెండు మూడు వారాలు స్ప్లింట్ కట్టుకోండి. ఆ తరువాత రోజుకు పది నిమిషాలతో సాధన మొదలుపెట్టి, నొప్పి లేకపోతే మెల్లగా పెంచండి. సీజన్‌లో ఒకే రోజు రెండు మేళాలు ఒప్పుకోకండి, లేదా తోడు సన్నాయి వారితో వంతులు వేసుకోండి.

కొన్ని దుష్ఫలితాలు కూడా తెలిసి ఉండాలి. సూది వేసిన చోట చర్మం తెల్లబడవచ్చు, కింద కొవ్వు కరిగి గుంట పడవచ్చు. మన రంగు చర్మం మీద ఆ తెల్లమచ్చ బాగా కనబడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది, కనుక డాక్టరుకు ముందే చెప్పి, ఆ రోజుల్లో పరీక్ష చేయించుకోండి. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. చేతి మీద పుండు, చీము ఉంటే సూది వద్దు. సూది తరువాత వేలు ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కీలులో చీము పట్టడం అరుదే, పట్టిందంటే మాత్రం గంటలు కూడా విలువైనవే.

ఎవరితో వేయించుకోవాలి?

ఎముకల డాక్టరుతోగానీ, కీళ్ళజబ్బుల డాక్టరుతోగానీ మాత్రమే. ముందుగా మన తాలూకా ఆసుపత్రిలో చూపించుకుని వారు రాసిచ్చిన చోటికి వెళ్ళండి. బెంగళూరు జయనగరలో సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి ప్రభుత్వానిదే.

ఊళ్ళల్లో "నొప్పుల సూది" అని తుంటికి వేసేది వేరు. దానిలో ఏ మందు ఉందో వేసేవారు చెప్పరు, వేయించుకునేవారు అడగరు. అది ఒళ్ళంతా పాకుతుందే తప్ప బొటనవేలి కీలుకు ప్రత్యేకంగా చేరదు.

అలాగే "దేశీ మందు" అని పేరులేని పొట్లాలు అమ్మేవారున్నారు. ఒక్క రోజులో నొప్పులన్నీ మాయమైతే అనుమానించండి. అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపిన సంఘటనలు దేశంలో చాలా చోట్ల బయటపడ్డాయి. కొన్ని నెలలకు ముఖం ఉబ్బుతుంది, చక్కెర, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఎక్కువకాలం తిన్నవారు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలి. యునాని పేరుతో అమ్మినా సరే, లేబులు లేని మందు మందు కాదు.

యునానిలో ఏముంది?

కీళ్ళ నొప్పులను మేము వజ-ఉల్-మఫాసిల్ అంటాం. మా శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకరైన ఇబ్న్ సీనా (980-1037) వైద్యం మీదే కాదు, తన 'షిఫా' గ్రంథంలో సంగీతం మీద కూడా రాశారు. చలికి పెరిగి, వేడికి తగ్గే ఇలాంటి నొప్పిని బల్గం, అంటే శ్లేష్మం, వైపు లెక్కిస్తాం. దానికి తగ్గట్టు మొదట చేసేది తక్మీద్, అంటే కాపడం. గోధుమ పొట్టు, ఉప్పు కలిపి పెనంమీద వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి, పది నిమిషాలు ఉదయం, రాత్రి కాపాలి. చక్కెర జబ్బుతో చేతులు మొద్దుబారినవారు వేడిని ముందు ఇంట్లో ఇంకొకరితో చూపించుకోవాలి. తరువాత రోఘన్-ఎ-బాబూనా లాంటి నూనెతో అరచేతి దిండును మెత్తగా మర్దన చేయాలి. కీలు మీద గట్టిగా నొక్కకూడదు.

లోపలికి ఇచ్చే మందుల్లో పేరున్నది సురంజాన్. తీపి సురంజాన్‌నే లోపలికి వాడతారు. చేదు సురంజాన్ విషం, పైపూతలకే పరిమితం. సురంజాన్ జాతి మొక్కనుంచే కాల్చిసిన్ అనే ఇంగ్లీషు మందు వచ్చింది. గౌట్‌కు అది బాగా పనిచేస్తుంది. కానీ చేతి కీళ్ళ అరుగుదల ఉన్న 100 మందికి డెన్మార్క్‌లో 12 వారాలు కాల్చిసిన్ ఇచ్చి చూస్తే ఉత్త మాత్రకంటే నొప్పి తగ్గలేదని 2023లో తేలింది. కనుక సురంజాన్‌తో అరుగుదల నయమవుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, వేరే మందులు వాడుతున్నవారు సొంతంగా అసలు తీసుకోకూడదు. యునానిలో పెద్ద వైద్యుల సలహా కావాలంటే బెంగళూరు మాగడి రోడ్డు కొట్టిగెపాళ్యలో జాతీయ యునాని వైద్య సంస్థ ఉంది.

ఖర్చు లేని చికిత్స

అన్నింటికంటే తక్కువ ఖర్చు, తక్కువ ప్రమాదం ఉన్నది స్ప్లింట్. ఫ్రాన్స్‌లో 112 మంది మీద చేసి 2009లో ప్రకటించిన పరీక్షలో, రాత్రిపూట స్ప్లింట్ కట్టుకున్నవారికి నెల రోజులకు తేడా తెలియలేదు, ఏడాది తరువాత మాత్రం నొప్పి, ఇబ్బంది తగ్గాయి. నెలకే విసిగి పారేసినవారికి ఆ లాభం దక్కదు.

దానితో పాటు ఇవి చేయండి:

* సన్నాయికి బొటనవేలు ఆనేచోట మెత్తని గుడ్డ చుట్టండి. కూర్చుని వాయించేటప్పుడు గంట భాగాన్ని మోకాలికో చిన్న పీటకో ఆనించండి.
* డోలు పుల్ల, తప్పెట పుల్ల పట్టుకునేచోట గుడ్డ చుట్టి లావు చేయండి. లావుగా ఉన్నదాన్ని పట్టుకోవడానికి తక్కువ బలం చాలు.
* ఇరవై అయిదు నిమిషాలు వాయిస్తే అయిదు నిమిషాలు చేయి వదిలేయండి.
* సీజన్‌లో శనగకాయలు ఒలవడం, పాలు పిండడం, బట్టలు పిండడం ఇంట్లో వేరేవారికి అప్పగించండి. కత్తెర పని సగానికి తగ్గించండి.
* రోజూ రెండుపూటలా బొటనవేలిని, చూపుడువేలిని కలిపి సున్నా ఆకారం చేసి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. తరువాత చూపుడువేలిని రబ్బరు బ్యాండుకు ఎదురుగా పక్కకు తోయండి. పదిసార్లు చాలు. నొప్పి వస్తే ఆపండి.

ఇవన్నీ ఆరు నెలలు శ్రద్ధగా చేసినా వేలు పనికిరాకపోతే ఆపరేషన్ మార్గం ఉంది. అరిగిన చిన్న ఎముకను తీసేస్తారు, కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో సూది వేయించుకుంటే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. కనుక సూదికి ఒప్పుకునే ముందే ఆ సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి.

వాయిద్యకారులను పిలిచే పెళ్ళివారికి కూడా ఒక మనవి. మేళంవారు మధ్యలో పావుగంట ఆగితే విసుక్కోకండి. ఆ పావుగంట వారి చేతికి ఏ సూదికంటే తక్కువ మందు కాదు.